ముడి లేని అతుకు



కుటుంబ జీవితమును గూర్చి ఈ పత్రికలో ఎందరో పెద్దలు వ్రాస్తున్నారు. మేము పల్లెటూరి సంఘములో పరిచర్య చేసే దంపతులము. మా దగ్గర గొప్ప సంగతులేవీ లేవు. అయితే గత ఏడాది మా ఇంటి వెనుక, ఒక రాట్నము ముందు కూర్చుని, నలభై దాటిన వయసులో మేము ఉన్ని వడకడము నేర్చుకున్నాము. అక్కడ నేర్చుకున్నది నూలు ఒక్కటే కాదు గనుక మీతో పంచుకోవాలని వ్రాస్తున్నాము.

మా అమ్మ, నాయన మెదకు ప్రాంతపు కురుమలు. కురుమలలో ఉన్ని కంకణమువారనీ, పత్తి కంకణమువారనీ తెగలున్నాయి. పెండ్లిలో చేతికి కట్టే కంకణము దేనితో చేసినదో దానినిబట్టి ఆ పేరు. మా తాతల కాలము వరకు మాది ఉన్ని కంకణము. నాయన గొర్రెలు కాసేవాడు, వానకాలము రాకముందు గుంట మగ్గము మీద గొంగళ్ళు నేసేవాడు. నూలు అంతా అమ్మ వడికినదే. మేము పుట్టకముందే వారు ప్రభువును నమ్ముకొని సంఘములో చేరారు. కంకణము పోయింది గాని రాట్నము పోలేదు.

గొంగడి అంటే ఏమిటో మన పల్లెల వారికి చెప్పనక్కరలేదు. వానలో నెత్తి మీద కొప్పెర, చలిలో కప్పుకునే దుప్పటి, పెద్దమనుషులు వస్తే అరుగు మీద పరుపు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు గనుక బిరుసుగా ఉండి వాన నీటిని వెంటనే లోపలికి దిగనివ్వదు. మా చిన్నతనములో క్రిస్మస్ ఆరాధనకు మెదకు పెద్ద గుడికి పోయేవారము. 1924లో ప్రతిష్ఠించిన ఆ గుడి ఆవరణలో, డిసెంబరు చలిలో, అమ్మా నాయనా నలుగురు పిల్లలమూ ఒక్క గొంగడి కింద పడుకొని తెల్లవార్చాము. ఆ ఉన్ని వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఇంత చెప్పిన తరువాత మా తప్పు చెప్పుకోవాలి.

వేదాంత పాఠశాలలో డిప్లొమా ముగిసిన ఏడాదే మా వివాహము జరిగింది. పెండ్లి కానుకగా నాయన ఒక నల్ల గొంగడి నేసి ఇచ్చాడు. అది పిల్లల ఉన్ని, అంటే గొర్రెపిల్లకు మొట్టమొదట కత్తెర వేసినప్పుడు వచ్చే ఉన్ని. అన్నిటికంటె మెత్తనిది, అన్నిటికంటె నల్లనిది. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. పాస్టరుగారి ఇల్లు అన్నాక పట్నము నుంచి పెద్దలు వస్తారు, అతిథులు వస్తారు. మంచము మీద పూల దుప్పటి పరిచాము. గొంగడి గీరుకుంటుందన్నాము, వాసన అన్నాము. నిజానికి మాకు సిగ్గు. గొర్రెల కాపరి ఇంటినుంచి వచ్చామని ఆ గొంగడి అందరికీ చెప్పినట్టు అనిపించేది. చివరికి సామాన్ల గదిలో, చెమ్మ తగలకుండా బియ్యము బస్తాల కింద వేశాము.

ఒక క్రిస్మస్ పండుగకు అమ్మ మా ఇంటికి వచ్చింది. అన్నము వండడానికి బియ్యము తేబోయి గొంగడిని చూసింది. బస్తాలు పక్కకు జరిపి, దానిని దులిపి, మడత పెట్టి, మళ్ళీ అక్కడే పెట్టింది. ఒక్క మాట అనలేదు. నాలుగు రోజులు ఉంటానని వచ్చిన మనిషి మర్నాడు పొద్దున్నే బస్సు ఎక్కింది. ఆ తరువాత నాయన మా ఇంటి గడప తొక్కలేదు. పిలిచినప్పుడల్లా గొర్రెలకు బాగా లేదనీ, మోకాళ్ళు నొప్పులనీ కబురు వచ్చేది. మేమే పోయి చూసి వచ్చేవారము. కారణము మాకు తెలుసు. తెలిసీ ఆ మాట ఎత్తలేదు. ఎన్నో కుటుంబాలకు సమాధానము గూర్చి బోధించాము గాని, మా కుటుంబములో ఈ మాట మాట్లాడడానికి మాకు నోరు రాలేదు. నాలుగేండ్ల క్రితం నాయన ప్రభువునందు నిద్రించాడు.

అమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాము. ఆమె ఒక బట్టల మూట, ఒక బస్తాడు ఉన్ని, తన రాట్నము తెచ్చుకుంది. ఆ ఉన్ని నాయన చివరి మందది. ముందు అరుగు మీద రాట్నము పెట్టబోతే, "అమ్మా, వచ్చిపోయే వాళ్ళుంటారు, వెనక వేసుకుందాము" అన్నాము. అమ్మ రాట్నము వెనక్కు తీసుకుపోయింది. అప్పుడు కూడా ఏమీ అనలేదు.

గత వేసవిలో స్నానాల గదిలో జారిపడి అమ్మ కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక కూడా రాట్నము తిప్పే బలము రాలేదు. ఆమె తన నొప్పిని గూర్చి మాట్లాడలేదు. బస్తా వైపు చూసి, "వానలొస్తె పురుగు పడతది. మీ నాయిన ఉన్ని అంత పురుగుల పాలైతది" అని మాత్రము అంది. వేపాకు వేసి ఉంచినా ఉన్నిని ఎన్నాళ్ళో దాచలేము, చిమ్మట పడితే జల్లెడ అయిపోతుంది. ఆ సాయంత్రము కోడలు వెళ్ళి రాట్నము ముందు కూర్చుంది. "అత్తమ్మా, మీరు చెప్పండి, మేము తిప్పుతాము" అంది. అలా మొదలయింది మా చదువు.

మొదట వడకడము కాదు, ఉన్నిని ఎరగడము. మన దక్కను నల్ల గొర్రెకు ఏడాదికి రెండుసార్లు కత్తెర వేస్తారు. కత్తెరకు ముందు గొర్రెలను చెరువులో దించి కడుగుతారు. రెండు కత్తెరలు కలిపినా ఒక్క గొర్రె ఇచ్చేది అర కిలో అటూ ఇటూ. అందుచేత ఒక గొంగడికి ఒక కత్తెరలో డజను గొర్రెల ఉన్ని కావాలని అమ్మ లెక్క. ముండ్లు, గడ్డి, పేడ ఏరాలి. నలుపు వేరు, గోధుమ రంగు వేరు, తెలుపు వేరు చేయాలి. తరువాత వింటి నారితో ఏకాలి. ఏకినప్పుడు ఉండలు విడిపోయి మబ్బులాగా పొంగుతుంది. దానిని చేతితో చుట్టి ఏకులు చేయాలి. మేము శుభ్రముగా ఉంటుందని మొదటిరోజు ఒక దోసెడు ఉన్నిని సబ్బుపొడితో బాగా ఉతికాము. అమ్మ నవ్వింది. నాయన పోయాక ఆమె నవ్వడము అదే మొదటిసారి. "జిడ్డంత పోగొట్టినవు బిడ్డా, ఇగ అది చేతికి ఇనదు" అంది. నిజమే. ఉన్నిలో సహజముగా ఉండే జిడ్డు కొంత మిగిలితేనే పోగు నున్నగా జారుతుంది. మేము ఉతికినది పొడిబారి, గాలికి లేచి, చేతికి చిక్కలేదు.

ఇక వడకడము. కుడి చేయి రాట్నము తిప్పుతుంది. ఎడమ చేయి ఏకును పట్టుకొని కదురు కొననుంచి వెనక్కు లాగుతుంది. చక్రము ఒక్కసారి తిరిగితే కదురు ఎన్నోసార్లు తిరుగుతుంది, ఆ తిరగడమే పోగుకు పురి పెడుతుంది. చేయి చాచినంత పొడవు అయ్యాక చక్రమును కొంచెము వెనక్కు తిప్పి, పోగును కదురుకు అడ్డముగా పట్టి చుట్టాలి. చెప్పడానికి ఇంతే. మొదటి సాయంత్రము మాకు పోగు ముప్పై సార్లు తెగిందో, నలభై సార్లు తెగిందో, లెక్క వదిలేశాము. ఎడమ చేయి తొందరపడితే తెగుతుంది. ఆలస్యము చేస్తే పురి ఎక్కువై పోగు తనలో తాను ముడుచుకుపోతుంది. కుడి చేయి చూసుకుంటే ఎడమ చేయి మరచిపోతాము. కోడలికి వారము రోజులలో చేయి కుదిరింది. కొడుకు నూలు నెల రోజుల వరకు బావి చేంతాడులాగానే ఉంది.

తిప్పగా తిప్పగా ఒక సంగతి కనిపెట్టాము. పోగు సన్నగా ఉన్న చోటికే పురి ముందు పరుగెత్తుతుంది. లావుగా ఉబ్బిన చోటికి ఎక్కదు. చూడడానికి ఆ లావు చోటే బలముగా ఉన్నట్టు కనబడుతుంది. లాగి చూస్తే అక్కడే, పురి లేక, మెల్లగా విడిపోతుంది. అమ్మతో చెబితే, "నీకిప్పుడెర్కైందా" అన్నట్టు చూసింది.

ఒక సాయంత్రము పోగు మళ్ళీ తెగింది. ఓపిక నశించి రెండు కొసలూ కలిపి ముడి వేశాము. అమ్మ దగ్గరకు జరిగి, ఎడమ చేత్తో ఆ ముడి పట్టుకుంది.

"ముడెయ్యకు కొడుకా. ఇప్పుడు ఆగుతది, రేపు మగ్గంల తట్టుకుంటది. నేసినంక గూడ ముడి ముడిలెక్కనే ఉంటది, కప్పుకుంటె ఒంటికి తగుల్తది."

"మరి ఎట్లమ్మా?"

"రెండు కొసలు ఇప్పాలె. పురి తీసి పీసు పీసు చెయ్యాలె. దాని మీద ఇది పెట్టి తిప్పు. అదే పట్టుకుంటది."

అలాగే చేశాము. తెగిన కొసకు పురి తీసివేసి పీచుగా విప్పాము. ఏకు కొసను కూడా విప్పి దాని మీద పరిచాము. మెల్లగా చక్రము తిప్పాము. రెండు పీచులూ ఒకదానిలో ఒకటి చేరి ఒక్క పోగు అయ్యాయి. ఎక్కడ అతికామో మాకే కనబడలేదు. ఉన్ని వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే దాని మీద చేప పొలుసుల వంటివి ఉంటాయని పదవ తరగతి చదివే మా అబ్బాయి చెప్పాడు. ఆ పొలుసులు ఒకదానికొకటి పట్టుకుంటాయి. అయితే బిగిసి ఉన్న పోగు ఇంకొక బిగిసిన పోగును పట్టుకోలేదు. ముందు రెండూ విప్పుకోవాలి.

ఆ మాట మా గుండెలో గుచ్చుకుంది. చక్రము ఆపి కాసేపు కూర్చుండిపోయాము. చివరికి ఆ మాట బయటికి వచ్చింది. "అమ్మా, నాయన ఇచ్చిన గొంగడిని ఆనాడు బస్తాల కింద వేసింది నీ కోడలు కాదు, నీ కొడుకే. కోడలు వద్దన్నది. మా ఇద్దరికీ సిగ్గే గాని, చేయి మాత్రము కొడుకుది. నీవు చూశావని తెలిసీ ఇన్నేండ్లు అడగలేదు. క్షమించమ్మా."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఒడిలోని ఏకును విప్పుతూ, చుడుతూ ఉంది. తరువాత, మేము ఎన్నడూ అనుకోని మాట చెప్పింది.

"తప్పు నాది గూడ ఉన్నది బిడ్డా. ఇంటికి పొయ్యి మీ నాయినకు చెప్పిన. కోడలు నీ గొంగడిని బస్తల కిందేసింది అని చెప్పిన. ఎవలేసిన్రో నేను చూసిన్నా? ఆయన ఇగ రానన్నడు. రెండేండ్లకు మెత్తవడ్డడు, పోదాం పా అన్నడు. నేనే వద్దన్న. నేనే ఆపిన."

అలా అని కోడలి చేయి తన ఎడమ చేతిలోకి తీసుకుంది. మేము ముగ్గురమూ ఆ రాట్నము దగ్గరే ఏడ్చాము. నాయన తిరిగి రాడు. ఆయన మా అరుగు మీద కూర్చునే రోజు మేమూ పోగొట్టుకున్నాము, అమ్మా పోగొట్టుకుంది. దానిని ఏ అతుకూ తీర్చదు. ఆ దుఃఖము మాకు ఉన్నది, ఉంటుంది. అయితే ఆ రాత్రి అమ్మ మాతో కూర్చుని అన్నము తింది. ఇంటికి వచ్చిన రోజునుంచి ఆమె ముందే తినేసి పడుకునేది. మర్నాడు పొద్దున కోడలే రాట్నమును ఎత్తుకొని వచ్చి ముందు అరుగు మీద పెట్టింది.

ఆ తరువాత పరిశుద్ధ గ్రంథము చదువుతూ ఉండగా నిర్గమకాండము 35వ అధ్యాయము వచ్చింది. ప్రత్యక్ష గుడారమును గూర్చి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. బంగారము, వెండి, తుమ్మకఱ్ఱ, కొలతలు అన్నీ చెప్పాము. 25, 26 వచనాలలో స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారనీ, మేకవెండ్రుకలను వడికారనీ ఉన్నది. ఆ రెండు వచనాల దగ్గర మేము ఎన్నడూ ఆగలేదు. గుడారము మీద కప్పిన మేకవెండ్రుకల తెరలు పదకొండు, ఒక్కొక్కటి 30 మూరల పొడవు, 4 మూరల వెడల్పు అని 26వ అధ్యాయములో ఉన్నది. ఒక్క గొంగడికి నూలు వడకడానికి, ఇంటి పనీ గొడ్ల పనీ చూసుకుంటూ, అమ్మకు నెల రోజులు పట్టేదట. ఆ పదకొండు తెరలకు ఎందరు స్త్రీలు, ఎన్ని సాయంత్రాలు కూర్చున్నారో! సామెతలు 31వ అధ్యాయములోని గుణవతి చేతిలో కూడా కదురు ఉన్నది. దేవుని గ్రంథములో ఉన్న పనిని చూసి, దేవుని సేవకులమైన మేము సిగ్గుపడి వెనుక పెరటిలో దాచాము.

వానలు పడకముందే బస్తా ఖాళీ అయింది. కండెలు పట్టుకొని పక్క మండలములో ఇంకా మగ్గము నడిపే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాము. ఆయన నూలును వ్రేళ్ళ మధ్య నలిపి చూసి, "మూడు చేతులు పడ్డయి దీనికి" అన్నాడు. మేము చెప్పకుండానే ఆయనకు తెలిసింది. ఏ కండె అమ్మ వడికినదో, ఏది కోడలిదో, ఏది చేంతాడో విడివిడిగా పెట్టాడు. ఇప్పుడు ఉన్ని తెచ్చేవారే లేరని బాధపడ్డాడు. మా వైపు మందలన్నీ మారిపోయాయి. మాంసానికి గిరాకీ పెరిగాక త్వరగా ఎదిగే ఎర్ర గొర్రెలు వచ్చాయి. నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి నిండా పొట్టి వెంట్రుకే గాని వడకడానికి ఉన్ని ఉండదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమలకు సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా మా ఊరికి వచ్చినవి చాలా వరకు అటువంటివే. నల్ల గొర్రెలు మిగిలిన వారు కూడా, కత్తెర కూలి గిట్టక, కోసిన ఉన్నిని కంచెలో పారవేయడము మేము చూశాము. గొర్రెల పెంపకముతో బ్రదికే కుటుంబాలు తమ లాభము చూసుకోవడములో తప్పు లేదు. కాని కంచె మీద ఆ నల్లని ఉన్ని కనబడినప్పుడు, అది వడికే చేతుల కొరకు ఎదురు చూస్తున్నట్టు ఇప్పుడు మాకు అనిపిస్తుంది.

నేసి తెచ్చిన గొంగడి నున్నగా లేదు. అక్కడక్కడ లావు పోగులు తేలి కనబడతాయి. అమ్మ వేలు పెట్టి, "ఇది నీ వడుకుడు" అని చూపించి నవ్వుతుంది. దానిని ముందు అరుగు మీద పరిచాము. సంఘ పెద్దలు వచ్చినా, పట్నమునుంచి అతిథులు వచ్చినా దాని మీదే కూర్చుంటారు. నాయన ఇచ్చిన పెండ్లి గొంగడిని దులిపి, ఎండలో వేసి, మా మంచము మీదకు తెచ్చుకున్నాము. అది గీరుకోదు. పిల్లల ఉన్ని మెత్తనిదే. మేమే దానిని కప్పుకొని చూడలేదు.

ఇంతకు ముందు మా సంఘములో అన్నదమ్ములు గాని, అత్తాకోడళ్ళు గాని మాటలు లేక ఉంటే మేము ఇద్దరినీ నిలబెట్టి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి పంపేవారము. అది ముడి వేయడమే. కొన్ని నెలలకు ఎక్కడో తట్టుకొనేది. ఇప్పుడు తొందరపడడము లేదు. ఒక్కొక్కరి ఇంటికి వేరుగా వెళ్ళి కూర్చుంటున్నాము. అవతలివాడు చేసినది కాదు, నీ వైపు కొస ఎక్కడ బిగిసి ఉన్నదో చెప్పు అని అడుగుతున్నాము. దీనికి ఎక్కువ సాయంత్రాలు పడుతున్నాయి. అన్నీ అతుకుతున్నాయని చెప్పలేము. అతికినవి మాత్రము నిలుస్తున్నాయి.

ప్రియ పాఠకులారా, మీ ఇంటి అటక మీద, బస్తాల కింద, మీ తల్లిదండ్రుల చేతిపని ఏదైనా ఉన్నదేమో చూడండి. వారు బ్రదికి ఉంటే ఈ వారమే దానిని దించి దులిపి, అది ఎలా చేశారో వారినే అడగండి. నేర్పుతూ ఉండగా వారు ఇంకా ఏమి చెబుతారో ఓపికగా వినండి. మాకు ఆ అవకాశము అమ్మ దగ్గర దొరికింది. నాయన దగ్గర దొరకలేదు. మీరు ఆలస్యము చేయవద్దని మా మనవి.